ఏడో రోజు చెరువు మూత

కొండ అవతల, ఎండిన వాగు గట్టు బొరియలో పిల్లల్ని దాచుకుని, ఒక లకుముకి పిట్ట రోజూ ఇవతలి చెరువుకొచ్చి చేపలు పట్టుకెళ్లేది. వారంలో ఆరో రోజు మాత్రం ముక్కు తడిపేది కాదు. అది లకుముకుల ఆచారం. పిల్లలకూ అదే నేర్పింది.

ఏడో రోజు కొంగలకు ఒంటికాలి నోము. ఒకనాడు అవన్నీ కలిసి, "ఇకనుంచి ఏడో రోజు చెరువు మూత, ఎవరూ దిగకూడదు" అని చాటించాయి.

వరసగా రెండు రోజులు పస్తుంటే పిల్లలు బతకరని లకుముకి భయపడింది. చెరువు తగవులు తీర్చే తాబేలు దగ్గరికి వెళ్లింది.

"తాతా, ఒకరి నోము ఇంకొకరి మీద రుద్దకూడదని మన తొలి ఒప్పందంలోనే ఉందిగా?"

"నోమెక్కడిదే పిచ్చిదానా!" అంది వెనకే వచ్చిన కొంగల్లో పెద్దది. "చేపలకు వారానికో రోజు విశ్రాంతి, అంతే. ఏ రోజైతేనేం?"

"అయితే ఆరో రోజే మూసేద్దామా?" అంది తాబేలు.

"బాగుంది సంబడం! ఏడో రోజు ఎలాగూ మేం వేటకు దిగం. రెండు రోజులు మా పిల్లలు మాడి చావాలా?"

 కొంగలు మూరెడేసి ముక్కులతో తాబేలు చుట్టూ చేరాయి. తాబేలు మెల్లగా తల లోపలికి లాక్కుని, డిప్పలోంచే, "మూత సబబే" అంది.

మళ్లీ ఆరో రోజు వచ్చింది. లకుముకి కళ్లు గట్టిగా మూసుకుని నీళ్లలోకి దూకింది. చేప తెచ్చి బొరియలో పెడితే, పిల్లలు ఒక్కరూ నోరు తెరవలేదు.

"అమ్మా," అంది చిన్నది వెనక్కి జరుగుతూ, "నీ ముక్కు తడిగా ఉందేం?"