పది నిమిషాల షరతు

రెండవ తరగతి 'బి' సెక్షనులో ఆ ఉదయం హాజరైనవారు, కూర్చున్న క్రమంలోనే చెప్పాలంటే: వెనుక గోడ పక్కన మొదటి కుర్చీలో యాజమాన్యం పిలిపించిన పరిశీలకురాలు షాహీన్, రెండవ కుర్చీలో ప్రైమరీ విభాగం సూపర్‌వైజరు రామ్మోహనరావు, వారి ముందు నాలుగు బల్లల చుట్టూ ఇరవై నలుగురు పిల్లలు, అందరికీ ఎదురుగా నిలబడి టీచరు షహర్బాను.

రామ్మోహనరావు చేతిలో స్టాప్‌వాచ్ ఉంది. కిందటిసారి నలభై నిమిషాల పాఠంలో షహర్బాను ఒక్కతే ముప్పై ఒక్క నిమిషాలు మాట్లాడినట్టు అదే వాచీ తేల్చింది.

ఆయన లేచి ఆమె దగ్గరకు వెళ్లి గొంతు తగ్గించాడు.

"మరొక్కసారి చెబుతున్నానమ్మా. మాట్లాడవలసింది పిల్లలు, నువ్వు కాదు. నీ మాట పది నిమిషాలు దాటిందంటే, వచ్చే ఏడాది నీ ఒప్పందం మీద నా సంతకం ఉండదు."

షహర్బాను తల ఊపింది.

"నోటితో 'సరే సార్' అంటే ఏం పోతుంది?"

ఆమె ఆయన వంక సూటిగా ఒక చూపు చూసి బోర్డు వైపు తిరిగింది. రామ్మోహనరావుకు ఒళ్లు మండింది. వచ్చి కూర్చుని, స్టాప్‌వాచ్ మీద బొటనవేలు ఆనించాడు.

షహర్బాను రెండు చప్పట్లు కొట్టింది. తరగతి సద్దుమణిగింది. ఒక చేత గాలితో ఉబ్బిన పాప్‌కార్న్ పొట్లం, మరో చేత టార్చిలైటు బ్యాటరీ పైకెత్తి చూపింది. బోర్డు మీద రాసింది: "ఏది బరువు? ముందు ఊహించండి. తరువాత తూచండి."

ప్రతి బల్ల దగ్గరా కుర్చీకి తగిలించిన ఒక త్రాసు ఉంది. బట్టల హ్యాంగరుకు రెండు వైపులా దారాలతో వేలాడే ఖాళీ పెరుగు కప్పులు, అంతే.

"పెద్దదే బరువు. మా అబ్బా నడిపే ట్రెయిలర్ చూడు, ఎంత పెద్దగుంటదో," అన్నాడు సైఫ్.

"బెలూన్ గూడ పెద్దదే. దానికి బరువుందారా?" అన్నాడు సుజిత్.

"లొల్లి ఎందుకు, తూచి చూద్దాం. యల్లా, కానీండ్రి," అంది ఫైజా.

షహర్బాను బల్లల మధ్య తిరుగుతోంది. వెనక్కి తగ్గి నిలబడిన పిల్లల చేతికి తూచవలసిన వస్తువు అందిస్తోంది. ఊహ ఒకటి, తూకం ఒకటి అయినప్పుడు కనుబొమలు ఎగరేసి, 'ఎందుకని?' అన్నట్టు చెయ్యి తిప్పుతోంది. ఐదు నిమిషాలు గడిచాయి. పదీ గడిచాయి. వాచీ ఇంకా సున్నా దగ్గరే ఉంది.

రామ్మోహనరావు పక్కకు వంగాడు. "ఇది పాఠం కాదు మేడమ్. నా మీద సత్యాగ్రహం. పది నిమిషాలన్నానని ఒక్క ముక్కయినా పలకడం లేదు."

"ఉండుండ్రి సార్, చూడనీండ్రి," అంది షాహీన్, రాస్తూనే.

అంతలో సైఫ్ వాళ్ల బల్ల దగ్గర చిక్కు వచ్చింది. కప్పుల్లో ఏమీ వేయకుండానే త్రాసు ఒకవైపు వాలిపోతోంది. పిల్లలంతా టీచరు వైపు చూశారు. షహర్బాను చేతులు కట్టుకుని, తాను కూడా ఆ త్రాసునే చూస్తూ నిలబడింది.

రామ్మోహనరావు ఇక ఉండబట్టలేకపోయాడు. గబగబా ఆ బల్ల దగ్గరకు వెళ్లాడు. "చూడండి పిల్లలూ, త్రాసు అనేది రెండు వైపులా సమానంగా ఉన్నప్పుడు మాత్రమే సరైన తూకం చూపుతుంది. అంటే ఏమిటంటే..." అంటూ విడమరచి చెప్పుకుపోయాడు.

"సార్," అని పిలిచింది షాహీన్. "మీ గడియారంల మీ మాటలు లెక్కవెడుతున్నరా? రెండు నిమిషాలైనయి."

ఆయన నోరు మూసుకుని వచ్చి కూర్చున్నాడు.

"అరే, ఈ కప్పుకు మూత రేకు అట్లనే అంటుకుని ఉంది," అంది ఫైజా. రేకు చింపి పారేసింది. హ్యాంగరు సమంగా నిలిచింది. "ఖలాస్. ఇప్పుడు వెయ్."

బ్యాటరీ ఉన్న కప్పు కిందికి దిగింది. పాప్‌కార్న్ పొట్లం గాల్లో నిలిచింది. సైఫ్ చాలాసేపు దాన్నే చూశాడు.

"మరి మా అబ్బా ట్రెయిలరో?"

"లోపల ఏముందో చూడాలిరా," అన్నాడు సుజిత్.

సైఫ్ ఎవరూ చెప్పకుండానే లేచి వెళ్లి బోర్డు మీద రాశాడు: "పెద్దవన్నీ బరువు కావు." షహర్బాను ఆ వాక్యం చుట్టూ రంగు సుద్దతో పెద్ద గుండ్రం గీసింది. గంట మోగింది. పిల్లలు టిఫిన్ డబ్బాలతో బయటికి పరుగెత్తారు.

షాహీన్ కాగితాలు సర్దుకుంటూ లేచింది. "ఇరవై ఏండ్ల సంది పాఠాలు చూస్తున్న. పిల్లలకే మొత్తం విడిచిపెట్టే ధైర్యం ఏ టీచరు దగ్గరా చూడలే. మస్తుగుంది సార్. నా రిపోర్టుల దీన్ని మొదటి వరుసల పెడుతున్న."

రామ్మోహనరావు మెడ నిటారుగా లేచింది. "ఆ సూచన నాదే మేడమ్. షరతు పెట్టి మరీ అమలు చేయించాను. రేపే మిగతా టీచర్లందరికీ సర్క్యులర్ పంపుతాను."

ఆమె వెళ్లిపోయాక ఆయన షహర్బాను వైపు తిరిగాడు. "నీది మొండితనం అనుకున్నాను గానీ, ఫలితం బాగుంది. రేపు స్టాఫ్‌రూములో ఈ పద్ధతి గురించి ఒక అరగంట మాట్లాడాలి. సరేనా?"

షహర్బాను చిన్నగా నవ్వి, కుదరదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడు కూడా మాట్లాడవా? పాఠం అయిపోయిందమ్మా."

ఆమె సంచీలోంచి మడత పెట్టిన కాగితం తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివాడు. తారీఖు దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి చదివాడు. తరువాత తన ఫైలులోంచి ఆమె వచ్చే ఏడాది ఒప్పందం తీసి సంతకం చేసి, పరిశీలన రిజిస్టరు తెరిచి, ముత్యాల్లాంటి అక్షరాలతో ఇలా రాశాడు:

"నేటి పాఠం విజయంలో నా షరతుకు ఎట్టి పాత్రా లేదని తెలియజేస్తూ, నిన్న సాయంత్రం గొంతు పూర్తిగా పోయి, వారం రోజులపాటు ఒక్క మాట కూడా పలకరాదని వైద్యుడు రాసిచ్చిన సెలవు చీటీని పాఠం ముగిసేవరకు దాచి ఉంచి తరగతి నడిపిన శ్రీమతి షహర్బాను గారి కృషిని ఇందుమూలంగా కృతజ్ఞతాపూర్వకంగా నమోదు చేయడమైనది."