కాలి కింద లేని బ్రేకు

కార్లన్నీ తమంతట తామే నడిచే కాలం ఇది. మెకానిక్ సైదులు బాగుచేసిన, మనిషే నడపాల్సిన పాత అంబాసిడర్‌ను చూడటానికి నేనూ, నా భార్య వారిజా ఆటోనగర్ వెళ్లాం. ఇవాళ కొనేవారు దొరకకపోతే రేపు అది తుక్కుకు పోతుంది.

"ఏదన్నా జరిగితే బాధ్యత ఎవరిది?" అడిగింది వారిజ.

"నడిపినోళ్లదేనమ్మా."

"అయితే మనకొద్దండీ," అంది నాతో.

"కొనకపోతే మానె. ఒక్క చుట్టు తిరిగొద్దాం, ఎక్కండి సార్."

మలుపులో మేక అడ్డొచ్చింది. సైదులు బండి ఆపాడు. పక్క సీట్లో నా కుడికాలు నేలను అదిమిపట్టి ఉంది. ఏ బండిలోనూ ఏనాడూ కదలని కాలు అది.

"అక్కడ బ్రేకు లేదు సార్," నవ్వాడు సైదులు.

మేకను కాపాడాలని నాలో నిర్ణయించిందెవరు? వెనక్కి తిరిగాను. వెనక సీట్లో వారిజ పాదం కూడా నేలను తొక్కిపట్టి ఉంది.

"నేర్చుకోడానికి ఎన్నాళ్లు పడుతుంది?" అడిగింది సైదులుని.