ఎలగందుల కోటకు ఆస్టిన్ బండి

“ఇసుకల బ్రేకు తొక్కకుర్రి! గేరు ముట్టకుర్రి! గట్లనే పోనియ్యిర్రి!”

వెనక సీటులోంచి రాజం కేకలేస్తున్నాడు. స్టీరింగు ముందున్న లక్ష్మీరాజం నుదుటి నిండా చెమటలు. పాత ఆస్టిన్ కారు వాగు ఇసుకలో అటూ ఇటూ ఊగుతూ మెల్లగా కదులుతోంది. రాజం భార్య కమలవ్వ సద్దిగిన్నె ఒళ్లో పెట్టుకుని, ఒక చేత్తో సీటును గట్టిగా పట్టుకుంది.

పందొమ్మిది వందల అరవై నాలుగు, కార్తీకమాసం, ఆదివారం పొద్దున. కరీంనగర్‌లో పాత కార్లున్న నలుగురు కలిసి ఒక క్లబ్బు పెట్టుకున్నారు. నెలకోసారి అందరూ బండ్లు తీసి ఏదో ఒక పాత కట్టడం చూసి వస్తారు. పోయిన నెల నగునూరు గుళ్లు చూశారు. ఈ నెల ఎలగందుల కోట. దారిలో ఉన్న వాగును ఎవరూ నెట్టకుండా దాటిన బండికి బంతిపూల దండ అని పందెం. డాక్టర్ కొండల్ రావు మోరిస్ కారు అప్పటికే ఇసుకలో కూరుకుపోయింది. మిగతా రెండూ దాని వెనక ఆగిపోయాయి.

“చప్పుడు మారింది. ఇగ జర రేసు ఇయ్యిర్రి,” అన్నాడు రాజం, కళ్లు మూసుకుని ఇంజను శబ్దం వింటూ.

“ఇస్తున్న, ఇస్తున్న! నన్ను పరేషాన్ చెయ్యకుర్రి!”

బండి ఒక్క ఊపున ఒడ్డెక్కింది. కమలవ్వ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

“చూసిండ్రా? నాతోని కాదన్నరు!” అన్నాడు లక్ష్మీరాజం వెనక్కి తిరిగి.

“నేనెప్పుడన్న? కడుపుల అనుకున్న, గంతే,” అన్నాడు రాజం. ముగ్గురూ పగలబడి నవ్వారు.

డాక్టరు పంచె ఎగ్గట్టి నడిచి వాగు దాటి వచ్చాడు. లక్ష్మీరాజాన్ని ఎగాదిగా చూశాడు. పాత ఖాకీ చొక్కా, మోచేతుల దాకా మసి.

“ఏమయ్యా, స్టీరింగు వట్టుకొని నెల గూడ కాలే, మమ్ములను ఓడగొట్టినవా!” అంటూ దండ వేయబోయాడు.

లక్ష్మీరాజం ఆ దండను చేతుల్లోకి తీసుకున్నాడు. వెనక తలుపు తెరిచి, దాన్ని రాజం మెడలో వేశాడు.

“గిది ఎవరికి దక్కాల్నో నాకెరుకే,” అన్నాడు.

రాజం తల వంచుకుని పూలు తడుముకుంటూ కూర్చుండిపోయాడు.

కోట కింద నీడ చూసి బండి ఆపారు. డాక్టరూ మిగతావాళ్లూ ఇంకా వాగు దగ్గరే తంటాలు పడుతున్నారు.

“మీరిద్దరు ఎక్కి రండ్రి. నేను బండి కాడ ఉంట,” అన్నాడు లక్ష్మీరాజం.

“గదేం మాట? మీరు గూడ రార్రి,” అంది కమలవ్వ.

“ఎవరన్న ఒకలు బండి కాడ ఉండాలె గదమ్మా.”

“గట్లయితే ముందుగాల తినుర్రి. మీరు తినంది మేమెట్ల తింటం?” అని కమలవ్వ గిన్నె తెరిచి సర్వపిండి ముక్క ఆయన చేతిలో పెట్టింది. లక్ష్మీరాజం కారు మెట్టు మీదే కూర్చుని తిన్నాడు. అయిపోయాక చెయ్యి చాపి, “ఇంకొకటి ఉన్నదా?” అన్నాడు. ఆమె ముఖం వెలిగిపోయింది.

మెట్లెక్కుతుంటే రాజం మోకాళ్లు పట్టేశాయి.

“ఏండ్ల సంది గీడికి వస్తున్న, పైకెక్కుడే కాలే,” అన్నాడు ఆయాసపడుతూ. “పని మీద అచ్చుడు, పని మీద పోవుడు. కోట ఎట్లుంటదని నువ్వు అడిగినప్పుడల్ల కింది దర్వాజ సంగతే చెప్పిన.”

“నేను కోటంటే ఒక పెద్ద దర్వాజనే అనుకున్న,” అంది కమలవ్వ నవ్వుతూ.

సగం దూరంలో రాజం ఒక రాతి మీద కూలబడ్డాడు.

“ఇగ నాతోని కాదు. దిగుదాం.”

“ఇయ్యాల దిగితే మల్లెప్పుడు ఎక్కుతవు?”

అంతలో కింద నుంచి హారన్ మోగింది. ఒకసారి కాదు, ఆగకుండా మోగుతూనే ఉంది. రాజం గబుక్కున లేచాడు.

“గా హారన్ గట్ల కొడితే బ్యాటరీ దిగిపోదా!”

గోడ మీదుగా తొంగి చూశాడు. ఒక చేత్తో హారన్ నొక్కుతూ, రెండో చేత్తో పైకి పొమ్మని సైగ చేస్తున్నాడు లక్ష్మీరాజం. రాజానికి నవ్వాగలేదు. కమలవ్వ భుజం పట్టుకుని మళ్లీ ఎక్కడం మొదలుపెట్టాడు.

పైన గాలి చల్లగా వీస్తోంది. కింద మానేరు వెండి పట్టీలా మెరుస్తోంది. కోసిన వరి మడులు, కొబ్బరిచిప్పలంత గుట్టలు, దూరంగా పొగమంచులో ఊరు.

“కమలా! గది మన కరీంనగరే!” అని అరిచాడు రాజం. “గిటు చూడు, మన బండి అగ్గిపెట్టెంత ఉన్నది!”

భుజం మీది తువ్వాలు తీసి గిరగిరా తిప్పాడు. కింద హారన్ మళ్లీ మోగింది. ఈసారి బ్యాటరీ గురించి అతనేమీ అనలేదు.

సాయంత్రం బండి రాజం ఇంటి ముందు ఆగింది. లక్ష్మీరాజం దిగి వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. కమలవ్వ దిగి, ఆయనకు దండం పెట్టి లోపలికి వెళ్లింది.

“ఇయ్యాలటి దినం మర్వ,” అన్నాడు రాజం.

“నేను గూడ మర్వ.”

రాజం ఆ తలుపు తనే మూసి, ముప్పై ఏళ్లుగా రోజూ అడిగే మాటే అడిగాడు.

“రేపు కోర్టుకు బండి ఎన్నింటికి తియ్యాలె, వకీల్ సాబ్?”