సరిచేసి మళ్లీ పంపండి

“మూడు వందల అక్షరాలు సాలవు. ఐదు వందలు పెట్టు,” అన్నాడు రామలింగయ్య.

కవిత కంప్యూటర్‌లో అంకె మార్చింది. ఇక ఎవరైనా అంతకంటే తక్కువ రాస్తే ఫారంలో రాసే పెట్టె కింద ఎర్రగా ఒక వాక్యం వస్తుంది: ‘వివరాలు సరిపోవు. దయచేసి సరిచేసి మళ్లీ పంపండి.’

రామలింగయ్య కోదాడలో ఆడపిల్లల జూనియర్ కాలేజీ, దానికొక హాస్టలు నడుపుతున్నాడు. కవిత అక్కడ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటుంది. కాలేజీ వెబ్‌సైటు ఆమె చేసిందే. అందులో పిల్లల ఫిర్యాదులకు ఒక ఫారం పెట్టాలని, నెల తర్వాత వచ్చి చూస్తామని నల్లగొండలోని అధికారుల నుంచి తాఖీదు వచ్చింది. అది 2013 ఆగస్టు.

ఆ తాఖీదుకు కారణం రజని అనే పిల్ల. హాస్టలు ట్యాంకులో పురుగులున్నాయని, ఆ నీళ్లు తాగి పదకొండు మందికి కామెర్లు వచ్చాయని అధికారులకు ఉత్తరం రాసింది. వాళ్లు వచ్చేలోపు ట్యాంకు కడిగించి రామలింగయ్య బయటపడ్డాడు. మర్నాడే రజనికి టీసీ ఇచ్చి పంపేశాడు. అందులో ‘నడవడి బాగాలేదు’ అని టైపు చేసింది కవితే. రజని తండ్రి బీరయ్య మిర్యాలగూడ దగ్గరి ఊళ్లో గొర్ల మందను వదిలేసి వచ్చి, పొద్దుగూకేదాకా గేటు దగ్గర నిలబడ్డాడు.

“గట్ల రాస్తే ఏ కాలేజీల తీసుకుంటరు సార్? నా బిడ్డ బతుకు ఖరాబైతది.”

రామలింగయ్య కారు అద్దం కూడా దించలేదు. రజని ఇప్పుడు తండ్రి వెంట గొర్లు కాస్తోంది. అయినా రామలింగయ్య కసి తీరలేదు.

“అది నా ఇజ్జత్ తీసింది. ఇగ ఈ హాస్టల్ల ఒక్క పోరి ఫిర్యాదు ముందుకు పోవద్దు. రాసి రాసి యాష్టకు రావాలె.”

“అట్లయితే నీళ్లు, పురుగు, వార్డెన్ అనే మాటలొస్తే ఆపుదాం సార్,” అంది కవిత. “అనుచిత పదమని సూపిస్తది.”

అతను కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “గది జెయ్యి. ఇంకా?”

“తండ్రి ఫోన్ నంబరు మన రిజిస్టర్ల ఉన్నట్టే ఉండాలె. ఒక్క అంకె తప్పినా వాపసు వస్తది. పేరు, రోల్ నంబరు లేకున్నా అంతే.”

“అన్నీ సక్కగ రాస్తే?”

“పది నిమిషాలు దాటినయ్ అని మళ్ల మొదలుపెట్టమంటది.”

రామలింగయ్య చాలా రోజుల తర్వాత నవ్వాడు. “నాకంటే కంత్రీ ఉన్నవ్ నువ్వు.”

ఆ శనివారం మధ్యాహ్నం పిల్లల్ని ల్యాబ్‌కు పంపారు. హుజూర్‌నగర్ పిల్ల ఆండాలు అందరికంటే ముందు కూర్చుంది. ఆమె పక్క మంచం పిల్ల దవాఖానలో ఉంది. ట్యాంకు మళ్లీ ఎప్పటిలాగే తయారైంది. ఆండాలు రాసింది, ఫారం వద్దంది. పెంచి రాసింది, మళ్లీ వద్దంది. నాలుగోసారి కూడా అంతే అయ్యేసరికి లేచి కవిత దగ్గరికి వచ్చింది.

“మేడం, ఏం రాసినా తీసుకుంటలేదు.”

“మళ్ల రాయి.”

“నాలుగు సార్లు రాసిన.”

“ఏ రోజు ఏమైందో తేదీలతోని రాయి. కామెర్లైనోళ్ల పేర్లన్నీ రాయి. రజని సంగతి గూడ రాయి.”

“గప్పుడు తీసుకుంటదా?”

“పోయి కూసో. టైం అయితున్నది.”

ఆండాలు కళ్లలో నీళ్లు తిరిగాయి. మేడం అనడం మానేసింది. “రజని టీసీ కొట్టింది నువ్వే. గీ ఫారం గిట్ల చేసింది నువ్వే. మా మీద నీకేం పగ?”

కవిత గోడ గడియారం చూపించింది. ఆ పిల్ల కుర్చీలో కూర్చునేదాకా చూసి తన పని చూసుకుంది.

నెలంతా ఇదే నడిచింది. ప్రతి శనివారం కవిత పిల్లల వెనక నిలబడి రాసిందే మళ్లీ రాయించేది. వాళ్లు ఆమె ఎదురైతే ముఖం తిప్పుకునేవారు. ఎవరో ఆమె చెప్పుల్లో సిరా పోశారు. మర్నాడు వాటినే కడుక్కుని వేసుకొచ్చింది. కిటికీలోంచి ఇదంతా చూసి రామలింగయ్య మురిసిపోయేవాడు.

చెప్పిన రోజుకు జీపు వచ్చింది. అందులోంచి అనురాధ అనే అధికారి, మరో ముగ్గురు దిగారు. రామలింగయ్య స్వయంగా వెబ్‌సైటు తెరిచి చూపించాడు.

“సూడుండ్రి మేడం. నెల దినాలల్ల ఒక్క ఫిర్యాదు లేదు.”

“ఈ ఫారం ఎవరు చేశారు?”

“మా కవిత. మస్తు నమ్మకస్తురాలు.”

అనురాధ కవిత వైపు చూసి తల పంకించింది. తర్వాత రామలింగయ్యతో మామూలు గొంతుతోనే చెప్పింది. “వార్డెన్ గది తాళం తీయించండి. మంచం కింద రేకు పెట్టెలో కామెర్లైన పిల్లల దవాఖాన చీటీలు దాచారట. రజని టీసీ ఫైలు కూడా కావాలి.”

రామలింగయ్య ముఖంలో నెత్తురు లేదు. బయట ఇద్దరు నిచ్చెన వేసుకుని ట్యాంకు మీదికి ఎక్కుతున్నారు.

“పెట్టె సంగతి మీకెవరు చెప్పిన్రు?”

అనురాధ తాళాల కోసం చెయ్యి చాపింది. కవిత అతని కళ్లలోకి చూస్తూ చెప్పింది.

“ఫారం తిప్పికొట్టిన ప్రతి ఫిర్యాదూ మేడం మెయిల్‌కే పోయింది సార్.”