నూనూగు మీసానికి సాక్ష్యం

“చెప్పను,” అంది వోర్షా. “ముందు నా ఊరి సంగతి తేల్చు. ఆ తర్వాతే నీ మీసం సంగతి.”

భాషా పరిశోధకుడు డాక్టర్ షుల్కా రికార్డరు బల్లమీద పెట్టి చేతులు జోడించినంత పని చేశాడు. “ఒక్క మాట మామ్మగారూ! స్లావు భాషలన్నిటికీ మూలమైన భాషలో మీసానికో మాట ఉండేది. అది నూనూగు మీసానికే పుట్టిందని ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నాను. నమ్మేవాడు లేడు. జర్మనీలో మిగిలిన స్లావు భాష, మన సోర్బులో సాక్ష్యం దొరికితే అందరి నోళ్లూ మూతపడతాయి.”

కిటికీ అవతల బొగ్గు గని యంత్రం గుర్రుమంటోంది. వోల్షింకా పొలిమేరలో ఆపిల్ చెట్లు నిన్ననే నేలకూలాయి. సోర్బు మాట్లాడేవాళ్లుంటే గనివాళ్లు ఊరి జోలికి రాకూడదట. ఎవరూ లేరని ఎవరో పెద్దమనిషి రాసిచ్చాడు. ఊళ్లో కాలు పెట్టిన పాపాన పోలేదు. వాడి నోట్లో మన్ను పడ, అని వోర్షా రోజూ శపిస్తూనే ఉంది.

“మరి నేను మాట్లాడేది పిల్లి భాషా? నువ్వు చదువుకున్నవాడివి. ఇక్కడ భాష బతికే ఉందని నువ్వు రాస్తే ఆ యంత్రం ఆగదూ?”

“మీ మాట అచ్చులో వస్తుంది మామ్మగారూ. మీ పేరుతో సహా. లోకమంతా చదువుతుంది,” అన్నాడు షుల్కా, నేల చూపులు చూస్తూ.

పిచ్చితల్లి, ఆ ముక్కకే కరిగిపోయింది. ఉడికించిన బంగాళాదుంపలు, పెరుగు ముద్ద, అవిసె నూనె అతని ముందుకు జరిపింది.

“పెద్దాళ్లది గడ్డమైనా మీసమైనా మాకు ‘బ్రోడ’నే. ‘వుస్’ అంటే కుర్రాళ్ల నూనూగు మీసమే. మా ఆయన, పేరు కీతో, నన్ను చూడ్డానికొచ్చిన రోజు ఆ వుస్ నిండా పెరుగు అంటించుకుని కూర్చున్నాడు. ముందు మూతి తుడుచుకో, పెళ్లి మాట తర్వాత అన్నాను!” పకపకా నవ్వి, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. “ఇప్పుడు ఆయన సమాధినీ తవ్వుతారట.”

ఆ చివరి మాట షుల్కా చెవికెక్కలేదు. తనకు కావలసిన సాక్ష్యం దొరికేసింది. రికార్డరు నోటి దగ్గర పెట్టుకుని, “చెప్పినవారు వోర్షా. ఊరు, నది అవతలి పోడ్లాజ్,” అన్నాడు.

“అదేమిటి నాయనా! నాది వోల్షింకా కదూ?”

అతను రికార్డరు ఆపేశాడు.

“వోల్షింకాలో సోర్బు మాట్లాడేవాళ్లు లేరని రాసిచ్చింది నేనే మామ్మగారూ. ఇప్పుడు ఉన్నారంటే నా పరువేం కావాలి?”