పసుపు చుక్కలు

“ఇది అన్నయ్య పెట్టిన చుక్కేనా వదినా?”

మరిది ట్యాబ్లెట్ మీదికి వంగి అడిగాడు. ఆమె గిన్నెలు తుడుస్తూనే తలూపింది.

“ఆయనదే. కొండల్లో నెట్‌వర్క్ ఉండదుగా, పెట్టినవన్నీ లోపలే ఉండిపోయాయట. నాకు చేతనైనప్పుడల్లా ఒకటి బయటికి పంపుతున్నా.”

“ఉత్తవే అయ్యుంటాయిలే. ఊరికే అడిగా,” అన్నాడు. అంటూనే రెండు వేళ్లతో ఆ చోటును పెద్దది చేసి, ఎటునుంచి వెళ్లాలో చూసుకున్నాడు.

ఆ చుక్క ఆమె పొద్దున కాఫీ తాగుతూ పెట్టింది.

ఆమె భర్తా, చెల్లెలి మొగుడైన ఈ మరిదీ ఏళ్లుగా జంటగా బంగారం వెతికేవాళ్లు. చెరో ట్యాబ్లెట్, రెండింటికీ కలిపి ఒకటే మ్యాపు. వాగు ఇసుకను పళ్లెంలో కడిగినప్పుడు అడుగున రవ్వ మెరిస్తే, మ్యాపులో అక్కడ పసుపు చుక్క పెట్టాలి. ఒకరు పెట్టిన చుక్క దగ్గర రెండోవాడు చెప్పకుండా పార వెయ్యకూడదు. అది ఇద్దరి మధ్యా మాట. నడిచిన దారి వెంట నీలం గీత దానంతటదే పడుతుంది. ఆ గీత పట్టుకునే తిరిగి రావాలి. లేకపోతే ఆ కొండల్లో అన్ని వైపులూ ఒక్కలాగే ఉంటాయి.

చివరిసారి వెళ్లినప్పుడు భర్త ట్యాబ్లెట్ అద్దం పగిలి రిపేరు కొట్లో ఉంది. మరిది ఒక్కడే తిరిగొచ్చాడు. నది దాటుతుంటే అన్నయ్య కాలు జారిందన్నాడు, చూస్తుండగానే కొట్టుకుపోయాడన్నాడు, గోడకు ఆనుకుని ఏడ్చాడు కూడా. తన ట్యాబ్లెట్ ఆ రోజు చార్జింగ్ లేక ఆగిపోయిందన్నాడు. మనుషులు నది పొడవునా వెతికారు. దొరకలేదు.

గేటు చప్పుడైతే ఇప్పటికీ ఆమె చేతిలో పని ఆగిపోతుంది. మనిషిని చూడకుండా ఏడవడం ఆమెకు చేతకాలేదు.

అదే వారంలో మరిది వచ్చి భర్త ట్యాబ్లెట్ ఇమ్మన్నాడు, జ్ఞాపకంగా ఉంచుకుంటానని. ఆ మాటతో ఆమెకు అనుమానం మొదలైంది. ఇవ్వలేదు. రిపేరు కొట్టు అమ్మాయి పక్కన కూర్చుని, పిల్లలు అక్షరాలు దిద్దినట్టు, చుక్క పెట్టడం నేర్చుకుంది. గీత చదవడం నేర్చుకుంది. మ్యాపు మొదట తెరిచింది భర్త కాబట్టి, మరిది ఇంటికొచ్చి నెట్‌వర్క్ అందుకోగానే వాడు నడిచిన దారంతా ఇక్కడ కనిపిస్తుందని ఆ అమ్మాయే చెప్పింది. ఆ సంగతి మరిదికి తెలియదు.

మొదటి చుక్క కొండ నడుమ పెట్టింది. మర్నాటికల్లా నీలం గీత అక్కడికి పాకింది. తర్వాతిది ముళ్లపొదల్లో. ఆ తర్వాతిది మోకాలి లోతు బురదలో. గీత వెనకాడలేదు.

చెల్లెలు వచ్చి కూలబడింది. మొగుడు ఎక్కడ తిరుగుతున్నాడో చెప్పడట, ఒళ్లంతా మట్టట, చేతులు బొబ్బలెక్కి ముద్ద కూడా పట్టుకోలేకపోతున్నాడట.

“మీ బావ పోయిన బెంగేమోలే,” అంది ఆమె.

చెల్లెలి తల నిమిరింది. అయినా ఆ సాయంత్రం నిటారు గుట్ట మీద ఇంకో చుక్క పెట్టింది. తవ్వుకో నాయనా, బాగా తవ్వుకో, అనుకుంది. రోజులు గడిచేకొద్దీ మ్యాపులో ఆ కొండలోయంతా పసుపు దద్దుర్లు లేచినట్టయింది. మరిది నడుం వంగిపోయింది. అది చూసినప్పుడల్లా ఆమెకు అన్నం సయించేది.

ఒకరోజు మరిది చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చాడు.

“వాగు మలుపులో కొత్త చుక్క వచ్చిందేంటి వదినా?”

“మీ అన్నయ్యదే. ముద్ద బంగారం దొరికిందని పక్కన రాసుకున్నారు.”

మరిది పెదాలు తడుపుకున్నాడు. బంగారం మాట వింటే ఎవరి గొంతైనా ఆరిపోతుంది.

“అక్కడేం ఉండదు. నేను చూసిన చోటేగా. అది తీసెయ్, ఊరికే అయోమయం.”

“పెట్టడమే వచ్చు నాయనా. తీయడం ఇంకా నేర్చుకోలేదు.”

ఇచ్చిన మంచినీళ్లు ముట్టకుండా లేచి వెళ్లాడు. ఆమె కొన్నాళ్లు ఆగి, ట్యాబ్లెట్ చీర చెంగులో చుట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లింది.

ఇన్‌స్పెక్టర్ చుక్కలన్నీ చూశాడు, వాటిని కలుపుతూ పోయిన గీత చూశాడు. పర్మిట్ లేకుండా ఇన్ని గుంటలా అని ముక్కున వేలేసుకున్నాడు. ఈ చుక్కలు నిజమైనవేనా అని అడిగాడు.

“అన్నీ నేను పెట్టినవే. ఎక్కడా గింజంత లేదు.”

ఆయనకు నవ్వొచ్చింది. సొంత మరిది చేత ఎండలో ఇంత గొడ్డుచాకిరీ చేయించారంటే మామూలు పగ కాదన్నాడు. కాకపోతే దీనికి పెద్ద శిక్షేం పడదని, మహా అయితే జరిమానా వేసి వదిలేస్తారని చెప్పాడు. గుంటలు చూసి రావడానికి ఇద్దరు కానిస్టేబుళ్లను పిలవబోయాడు.

“గుంటలు చూడక్కర్లేదండీ,” అంది ఆమె. వాగు మలుపు మీద వేలు పెట్టింది.

బురదలోకి దిగిన గీత, గుట్టెక్కిన గీత, ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ దూరంగా చుట్టు తిరిగి పోయింది. చుక్క ఒంటరిగా ఉంది.

“ఇక్కడ తవ్వలేదే,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ముద్ద దొరికిందని రాసుంటే అందరికంటే ముందు ఇక్కడికే రావాలి కదమ్మా?”

“మా ఆయన ఉన్నది అక్కడే.”