నడుం చుట్టూ పొక్కులు

పెదబాబు తలుపు గడియ పెట్టి, కొత్త లుంగీ ముడి వదులు చేసి, అద్దం ముందు నిలబడ్డాడు. నిన్న నాలుగే పొక్కులు. ఇవాళ ఎన్నో లెక్కపెట్టుకునే ధైర్యం లేకపోయింది. నడుం చుట్టూ ఎర్రగా వాచి, నీరు పట్టి, ఒకటే మంట.

"ఏటండీ, తలుపేసుకున్నారు? కాటా కాడ సెరుకు బళ్ళు నిలబడిపోవా?" బయట నుంచి భార్య కనకమహాలక్ష్మి కేకేసింది.

తలుపు తీశాడు. ఆమె పొక్కులు చూసి బుగ్గ నొక్కుకుంది.

"అయ్యబాబోయ్! మొన్న పేపర్లో పడింది. విశాపట్నంలో ఎవుడికో ఇలాగే నడుం కాడ మొదలైందట. ఆ ఎయిడ్సేనట. మనకెందుకొస్తాది లెండి." ఆ మాట అనేసి, ఉతికిన బట్టల బకెట్ తీసుకుని దండెం దగ్గరికి వెళ్ళిపోయింది.

పెదబాబుకి బస్టాండు గోడ మీది ఎయిడ్స్ పోస్టరు, దాని మీది పుర్రె బొమ్మ గుర్తొచ్చాయి. మూడు నెలల కిందట చక్కెర ఫ్యాక్టరీ పని మీద విశాఖ వెళ్ళి, లాడ్జిలో దిగి, చేయకూడని పని చేశాడు. మూడో కంటికి తెలియదనుకున్నాడు పాపం.

రెండు రోజులు ముద్ద దిగలేదు. మంచం వరండాలోకి మార్చుకున్నాడు. కూతురు చిన్నతల్లి చేతులు చాపినా ఎత్తుకోలేదు. ఎక్కడ అంటుకుంటుందోనని భయం. మూడో రోజు పొయ్యి దగ్గర కూలబడి, ఏడుస్తూ అంతా చెప్పేశాడు.

"నేను సచ్చిపోతాను, కనకం. నిన్నూ సంపేసేనేమో."

ఆమె గరిటె పట్టుకుని అలాగే వింది.

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారే. సిన్నతల్లి మీదొట్టు."

కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "పదండి డాక్టరు కాడికి. నాకూ పరీక్ష సేయించాల" అంది.

చోడవరం డాక్టరు కథంతా విని, ఇద్దరి రక్తం తీసి విశాఖ పంపించాడు. కాగితం రావడానికి వారం పట్టింది. ఆ వారం పెదబాబు రోజూ చచ్చాడు, రోజూ బతికాడు.

"ఇద్దరికీ ఏమీ లేదు" అన్నాడు డాక్టరు.

"మరి ఈ పొక్కులేటండి?"

డాక్టరు లుంగీ అంచు తిప్పి చూశాడు. లోపలి వైపు వరసగా నల్లటి చుక్కలు. "ఇవేమిటి?"

"బట్టలు కలిసిపోకుండా దాసు పెట్టే గుర్తండి. మా బట్టలుతుకుతాడు."

డాక్టరు పకపకా నవ్వాడు. "నల్లజీడి రసమయ్యా! గుమ్మాలకి దిష్టికి కడతారే, ఆ గింజలో ఉంటుంది. కొందరి ఒంటికి పడదు. తగిలిన చోటికి రక్తంలోని తెల్లకణాలు శత్రువొచ్చాడనుకుని పరిగెత్తుకొస్తాయి. రసం ఆరిపోయినా వాటి కోపం ఆరదు. ఈ వాపూ మంటా వాటి రభసే. పూత మందు రాస్తాను, లుంగీ పారెయ్. ఆ దాసుకి ఒక్క చుక్క చాలని చెప్పు. అంచు పొడుగునా పెట్టాడేమిటి?"

పెదబాబుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. బస్టాండులో మాడుగుల హల్వా పొట్లం కట్టించుకుని ఇంటికి పరుగెత్తాడు. కనకమహాలక్ష్మి గుమ్మంలో కూర్చుని చిన్నతల్లి గౌను కుడుతోంది.

"కనకం, మనకేటీ లేదు! ఇదంతా దాసు ఎట్టిన నల్లజీడి సుక్కల పనంట. ఎక్కడున్నాడు ఆడు? నాలుగు దులిపెయ్యాల."

ఆమె తల ఎత్తలేదు.

"కూతురి పురిటికి సీడికాడ ఊరెళ్ళేడు. నెల్లాళ్ళయింది."

పెదబాబు నవ్వు ఆగిపోయింది. కట్టుకున్న లుంగీ కేసి చూసుకున్నాడు. అది కొని ఇరవై రోజులు కూడా కాలేదు.

"మరి ఈ సుక్కలు... ఎవులెట్టేరు?"

కనకమహాలక్ష్మి సూది గుడ్డలోంచి అవతలికి లాగింది.

"విశాపట్నం సంగతి అడిగితే మీరు సెప్పేవోరేటి?"